పులుసు బాక్సుతో షెర్రీ షాపుకి

శనివారం ఉదయం తొమ్మిదీ పదికి ఫ్రీమాంట్ స్టేషన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో రైలెక్కాను. టికెట్ ఎనిమిది డాలర్ల లోపే. ఒళ్లో స్టీలు బాక్సు, అందులో మా ఆవిడ రమ నిన్న చేసిన చేపల పులుసు. నా ప్రయాణానికి కారణం ఆ పులుసే.

కిందటి నెల రమ ఆఫీసువాళ్లు భోజనానికి వచ్చినప్పుడు నేను ఘనంగా షెర్రీ సీసా తెరిచాను. షెర్రీ అంటే స్పెయిన్‌లో చేసే, మామూలు వైన్ కంటే కాస్త గట్టి వైన్. ఎవరో కానుకగా ఇస్తే, మంచిరోజుకి పనికొస్తుందని రెండేళ్లు హాల్లో షోకేసులో, ఎండ తగిలేచోట దాచాను. పైగా అది తియ్యటి రకం. పాకం లాంటి ఆ వైన్ మీద చింతపండు పులుపు తగిలేసరికి రెండూ పాడయ్యాయి. అతిథులు ముక్కలు పళ్లెం అంచుకి జరిపేశారు. తప్పు తన వంటదే అనుకుంది రమ. రేపు తన మేనేజర్‌కి మా ఇంట్లో వీడ్కోలు విందు. దానికి పిజ్జా తెప్పిస్తానంది. పద్దెనిమిదేళ్లుగా ఆ చేతి పులుసు తింటున్నవాణ్ని, ఆ మాటకి నాకు చాలా బాధేసింది. తప్పు చేసింది నేను, అతిథులకి వండటం మానేసేది ఆమె!

హేవార్డ్ దాటాక పక్కసీట్లో అమ్మాయి తలతిప్పి చూసింది. ఎమ్మెస్ చదువుతోందట.

"అంకుల్, చేపల పులుసా?" అంది మెల్లగా.

రైల్లో తినకూడదని తెలుసునన్నాను. ఈ పులుసుకి నప్పే షెర్రీ వెతకడానికి షాపుకి వెళుతున్నానని కూడా చెప్పాను.

"వైన్ షాప్‌కి కర్రీ తీస్కపోతున్నరా? లోపలికి రానిస్తరా అంకుల్?"

అప్పటిదాకా లేని అనుమానం నాకూ పట్టుకుంది.

పదికి ఎంబార్కడెరోలో దిగి ఏడెనిమిది నిమిషాలు నడిచాను. షాపు పదిన్నరకి తెరిచారు. నడుపుతున్నావిడకి అరవై ఉంటాయి. నా గోడు విని నవ్వలేదు గానీ, షోకేసు మాట వచ్చినప్పుడు కళ్లు మూసుకుంది. సీసా మీద క్రీమ్ అని ఉంటే తీపి రకమని, భోజనంలోకి తీపి లేని డ్రై రకమే అడగమని చెప్పింది. అందులో తేలికైనది ఫినో. అది పాలప్యాకెట్ లాంటిదే, తాజాగా కొని, ఫ్రిజ్‌లో పెట్టి, తెరిచాక నాలుగైదు రోజుల్లో ముగించాలట. షెర్రీ అంటే తీపేనని జనం పక్కనపెట్టడం వల్ల మంచి సీసాలు కూడా చవగ్గా దొరుకుతాయట.

ఇద్దరం బాక్సు తెరిచి, పులుసుతో పాటు మొదట ఫినో రుచి చూశాం. పులుసు ముందు అది నిలబడలేదు. చేపల వేపుడైతే సరిపోయేదంది. తర్వాత ఫినో కంటే ఘాటైన రకం, డ్రై అమోంటియాడో పోసింది. లేత గోధుమరంగు, వేయించిన బాదంపప్పు వాసన. పులుసుతో కలిసి అది చక్కగా నిలబడింది. కారం కాస్త మండింది. చల్లగా, చిన్న గ్లాసుల్లో పొయ్యమంది. పదహారు డాలర్లు. నా చూపు నలభై డాలర్ల సీసా మీదికి పోతే, ఈ వంటకి అది అక్కర్లేదంది.

అలా అంటూనే బాక్సులో మిగిలిన మూడో ముక్క కూడా తినేసింది.

"సీసా గురించి చాలా అడిగారు. ఇది వండినావిడ గురించి చెప్పండి," అంది.

పదహారు డాలర్ల సీసా కొనుక్కుని పన్నెండుకి తిరుగు రైలెక్కాను. ఈ దారిన వెళ్లేవాళ్లకి నేను చెప్పేదొకటే: వైన్ పేర్లు బట్టీపట్టకండి, మీ ఇంటి వంట పట్టుకెళ్లండి. ఖరీదు తగ్గుతుంది, ధైర్యం పెరుగుతుంది.

ఓక్లాండ్ దాటాక రమ ఫోన్.

"స్టీలు బాక్సు కనబడట్లేదు. పులుసేది?"

దాచకుండా అంతా చెప్పాను. మూడు ముక్కలూ ఆవిడే తినేసిందని, వండిందెవరని అడిగిందని కూడా.

"ఉప్పు సరిపోయిందటా?"

"బాక్సు ఖాళీ."

అటునుంచి గిన్నెలు దించుతున్న చప్పుడు.

"వచ్చేటప్పుడు రేపటి విందుకి నాలుగు పౌండ్ల చేపలు పట్టుకురా. ఆ సీసా మాత్రం షోకేసులో పెట్టకు."