బొమ్మాబొరుసు మాస్టారు

నాణెం ఎగరేయనిదే బొమ్మాబొరుసు మాస్టారు ఏ పనీ చేయరు. ఇంజనీరింగ్ కాలేజీలో ప్రాబబిలిటీ, రాండమ్ ప్రాసెసెస్ చెప్పే మనిషి కదా, క్లాసులో రెండుసార్లు ఎగరేసి జేబులో వేసుకుంటే ఎవరికీ పేచీ లేదు. ఆయన అక్కడితో ఆగరు. కాఫీయా టీయా అంటే నాణెం, మెట్లా లిఫ్టా అంటే నాణెం, తెల్లచొక్కానా గళ్లచొక్కానా అంటే నాణెం. పైకి ఎగరేసి, ఎడంచేతి మీద పట్టి, కుడి అరచేత్తో మూసి, పేకముక్క చూసుకున్నట్టు ఓ మూల ఎత్తి చూసి ప్రకటిస్తారు. ఇక దానికి తిరుగులేదు.

ఆ డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన మేడమ్‌కి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆవిడకీ మాస్టారికీ కలిపి ఒకే గది ఇచ్చారు. "నేనెక్కడ కూర్చోవాలండీ?" అని అడిగింది పాపం. గదిలో రెండు బల్లలు. ఒకటి కిటికీ పక్కన, చక్కటి గాలీ వెలుతురూ. రెండోది మూలకి, సరిగ్గా నెత్తిమీద ఏసీ గొట్టం బొట్లు బొట్లుగా కారుతూ ఉంటుంది.

"బొమ్మ పడితే కిటికీ నీది," అన్నారు మాస్టారు. నాణెం టింగుమంది. "బొమ్మ!"

ఇరవై ఏళ్లుగా కిటికీ పక్కన కూర్చున్న మనిషి, మారుమాట లేకుండా పుస్తకాలన్నీ ఎత్తుకుని ఆ గొట్టం కిందికి మారిపోయారు. మేడమ్ నిర్ఘాంతపోయింది.

"అయ్యో, వద్దండీ! ఇరవై ఏళ్ల సీటు!"

"నాణేనికి జ్ఞాపకం ఉండదమ్మా," అన్నారాయన, బట్టతల మీద పడిన చుక్క తుడుచుకుంటూ. "నేనింతకాలం ఎక్కడ కూర్చున్నానో దానికేం తెలుసు?"

అటెండరు ఆవిడని వరండాలోకి పిలిచి ధైర్యం చెప్పాడు. "కంగారు పడకండి మేడమ్, ఆయనంతే. పోయినేడాది పన్ను సంగతి వింటే ఏమంటారో! రెండు పళ్లలో ఏది నొప్పో ఆయనకీ తెలీదు, డాక్టరుకీ తేలలేదు. ఎక్స్‌రే తీద్దామంటే వినకుండా, కుర్చీలో పడుకునే నాణెం ఎగరేశారు. డాక్టరు చేతిలో పట్టకారు కింద పడిపోయిందట."

"తర్వాత?"

"మంచి పన్ను పోయింది."

"అయ్యయ్యో!"

"మర్నాడు మళ్లీ వెళ్లారు. ఈసారి నాణెం అవసరం రాలేదు. మిగిలింది ఒకటేగా."

ఊడింది తన పన్నే అయినట్టు మేడమ్ బుగ్గ పట్టుకుంది.

ఇంతకన్నా ఘోరం ఇంకేం ఉంటుందిలే అనుకుంది గానీ, రాండమ్ వాక్ పాఠం రోజున అదీ జరిగింది. ఆ వేళ కాలేజీకి తనిఖీ బృందం వచ్చింది. ప్రిన్సిపాల్ గదిలో మేడమ్ వాళ్లకి ఫైళ్లు చూపిస్తోంది. అవతల క్లాసులో మాస్టారు బొమ్మ పడితే ముందుకో అడుగు, బొరుసు పడితే వెనక్కో అడుగు వేస్తూ పాఠం చెబుతున్నారు. ఆ పూట బొరుసులు ఎక్కువ పడ్డాయి. వెనక్కి నడిచి నడిచి గుమ్మం దాటారు, వరండా దాటారు. పిల్లలంతా రాసుకుంటూ వెంట వచ్చారు. కాసేపటికి ప్రిన్సిపాల్ గది తలుపు తెరుచుకుని, ముందు మాస్టారి వీపు లోపలికొచ్చింది.

తనిఖీ పెద్దాయనకి పొలమారింది. మేడమ్ చేతిలో ఫైళ్లు నేలపాలయ్యాయి.

"మాస్టారూ! ఏంటండీ ఇది?" అని కేకేశారు ప్రిన్సిపాల్.

"ఒక్క నిమిషం సార్, పాఠం మధ్యలో ఉన్నాను," అని నాణెం ఎగరేసి, "బొమ్మ!" అని ఒక అడుగు ముందుకేసి గుమ్మం అవతలికి వెళ్లిపోయారు మాస్టారు.

ఎంత హడలెత్తించినా, ఆ నాణెం మీద మేడమ్‌కి ఓ మూల అభిమానమే. ఆదివారాలు కాలేజీలో ఏదో ఒక ప్రవేశపరీక్ష ఉంటుంది. వీళ్లిద్దరి గదిలోంచి ఒకరు వెళ్లి రోజంతా కాపలా కాయాలి. మేడమ్ ఇంట్లో అప్పుడప్పుడే తప్పటడుగులు వేస్తున్న పాప. బొమ్మ పడితే మేడమ్, బొరుసు పడితే మాస్టారు అని పందెం. ఎగరేసినప్పుడల్లా బొరుసే.

"నాకెంత అదృష్టమో!" అని మురిసిపోయింది ఓసారి.

"నాకూ అంతే మేడమ్!" అన్నాడు అటెండరు. "టీ కోసం కిందికి ఎవరు దిగాలో నాణెం వేస్తే, పాపం ఎప్పుడూ ఆయనే దిగాల్సొస్తుంది."

ఇంతలో వైవా వచ్చి పడింది. ఆ బ్యాచ్‌లో ఒక అమ్మాయి ఉంది. చేతిలో పెన్ను ఉంటే పులి. ఎవరైనా ఎదురుగా కూర్చుని అడిగితే మాత్రం గొంతు పడిపోతుంది, ఒక్క అక్షరం పెగలదు. ఈ వైవా ఇప్పటికే రెండుసార్లు తప్పింది. ఓ కంపెనీ వాళ్లు ఆ అమ్మాయికి ఉద్యోగం ఇస్తామన్నారు. ఈసారీ తప్పితే అదీ పోతుంది. పైగా ప్రశ్నలు అడగడానికి బయటి కాలేజీ నుంచి వచ్చినాయన నవ్వెరగని మనిషి.

మాస్టారు ఆయన ముందు నాణెం తీశారు. "మా దగ్గరో పద్ధతుందండీ. బొమ్మ పడితే నోటితో చెప్పాలి, బొరుసు పడితే బోర్డు మీద రాయాలి."

ఆయన కళ్లు తేలేశాడు. "వైవాలో రాయడమేంటండీ? నేనొప్పుకోను!"

"మీరొప్పుకోవాలా వద్దా అన్నదీ నాణెం మీదే పెడదాం," అని ఎగరేసి, మూల ఎత్తి చూసి, "ఒప్పుకున్నారు!" అన్నారు మాస్టారు. ఏం జరిగిందో తెలిసేలోపే మొదటి కుర్రాడు బోర్డు దగ్గర ఉన్నాడు.

ఆ అమ్మాయి వంతు వచ్చింది. మాస్టారు ఎగరేసిన నాణెం ఈసారి వేళ్లలోంచి జారి, గది పొడవునా దొర్లి, రెండో ఎగ్జామినర్‌గా కూర్చున్న మేడమ్ కాళ్ల దగ్గర పడిపోయింది.

బొమ్మ. నిక్షేపంలాంటి బొమ్మ.

"ఏం పడింది మేడమ్?" అన్నాడు బయటి ఎగ్జామినర్.

మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ అమ్మాయి గోడ వైపు చూస్తోంది. పుట్టి బుద్ధెరిగాక పరీక్ష గదిలో అబద్ధమాడని మేడమ్, చెప్పుకాలు జరిపి నాణేన్ని తొక్కేసింది.

"బొరుసండీ."

అమ్మాయి బోర్డు దగ్గరికి పరిగెత్తింది. ఇక ఆపడం ఎవరి వల్లా కాలేదు. నిరూపణ రాసింది, ఉదాహరణ రాసింది, అడగని రెండో పద్ధతీ రాసింది. "చాలమ్మా, చాలు!" అని ఆయన మొత్తుకుంటున్నా, ఇంకో లైను రాసిగానీ చాక్‌పీస్ వదల్లేదు. ఆయన మారు ప్రశ్న లేకుండా మార్కులు వేసి, మొదటిసారి నవ్వాడు.

గదిలోకి వచ్చాక మేడమ్ నాణేన్ని బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడింది. "పరీక్ష గదిలో అబద్ధమాడేశానండీ. అది బొమ్మ."

"తెలుసమ్మా, నీ మొహంలోనే కనబడింది," అన్నారు మాస్టారు, మంచి పాఠం చెబుతున్నట్టు. "చూసి చెబితే మొహం పట్టిచ్చేస్తుంది. ఏం చెప్పాలో ఎగరేయకముందే అనుకోవాలి. చూసినట్టు నటించాలి గానీ చూడకూడదు."

అని నాలుక కరుచుకున్నారు.

మేడమ్ నెమ్మదిగా తలెత్తింది. కిటికీ. టీ. ఇన్నాళ్ల ఆదివారాలు, అన్నీ బొరుసే! సగం, సగంలో సగం, అందులో సగం... ఇంత అసంభవాన్ని పక్కన పెట్టుకుని, లెక్కలు చెప్పుకు బతికే తను అదృష్టం అనుకుంది! ఈ కాలేజీలో అన్ని షాకులూ తిన్న మేడమ్‌కి ఇది అన్నిటికన్నా పెద్దది.

"మాస్టారూ! అన్నీ అబద్ధాలేనా? మరి ఆ పన్ను?"

"ఛ ఛ, పన్ను నిజమేనమ్మా! నా ఒక్కడి సంగతైతే నాణెం మాటే. మధ్యలో ఇంకొకళ్లున్నప్పుడే కాస్త..." అంటూ ఆయన తల గోక్కున్నారు. "ఎవరికీ చెప్పకు. పుచ్చుకోమంటే ఎవరూ పుచ్చుకోరు. నాణెం ఇచ్చిందంటే తీసుకుంటారు."

మేడమ్‌కి కళ్లు చెమ్మగిల్లాయి, నవ్వూ వచ్చింది. చటుక్కున బల్ల మీది నాణెం లాక్కుని, ఎగరేసి పట్టి, అరచేత్తో మూసింది. మూలైనా ఎత్తలేదు.

"బొమ్మ. ఈ ఆదివారం డ్యూటీ నాది."

మాస్టారు నోరు వెళ్లబెట్టారు. "చూడకుండానే? చెయ్యి తియ్యి!"

"తియ్యను."

"అన్యాయం! ఇంతకుముందు ఎన్ని బొరుసులు పడితే మాత్రం ఏంటి, నాణేనికి జ్ఞాపకం..."

"నాకుందండీ."

"మరి పాపనెవరు చూస్తారు?"

"మా ఆయన," అంది మేడమ్, నాణేన్ని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంటూ. "ఇంకా ఆయనకి తెలీదు. ఇంటికెళ్లి ఎగరేస్తాను. పాపం, ఓడిపోతారు."