మగ్గం గుంతలో పెరిగిన కుక్కపిల్ల

కొత్త నేతచీర మడత విప్పితే వచ్చే గంజి వాసన, నా మటుకు నాకు, కుక్కపిల్ల వాసన. చెబితే నవ్వుతారు. నవ్వనీ, నాకేం!

ప్రొద్దుటూరులో మా సందులో ఇంటింటా గుంత మగ్గమే. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు జార్చి కూర్చుని, కింద కర్రలు తొక్కుతూ పైన పోగుల మధ్య నాడెను అటూ ఇటూ ఆడించేవాడు నాయన. చలికాలం వచ్చిందంటే తెల్లవారకముందే సందంతా మగ్గాల టకటకలు, పొయ్యి మీద నూలుకు పెట్టే గంజి కుతకుతలు, పొద్దున తినే ఉగ్గానికి బొరుగులు తడుపుతూ అవ్వ సణుగుడు, రాట్నం ముందు కూర్చుని ఆవులిస్తూ నేను కండెలకు నూలు చుట్టడం. గుంతలోకి చెప్పుకాలితో దిగితే మా వీపులు విమానం మోతే. మగ్గమంటే నాయనకు దేవుడి గూడు.

అలాంటి ఒక చలికాలం పెరట్లో కట్టెల మోపు చాటున వీధికుక్క ఈనింది. పిల్లలన్నీ బొద్దుగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. అది నా గుప్పిట్లో పట్టేంత ఉంది. మిగతావి దాన్ని తొక్కుకుంటూ పాలకు ఎగబడుతున్నాయి, తల్లి కూడా దాన్ని నోట కరిచి తెచ్చి దూరంగా పడేసింది. తీసుకుపోయి తల్లి పొట్ట దగ్గర పెడితే మళ్లీ పడేసింది.

"ఇడ్సిపెట్టు పాపా, అది బతికేది కాదు," అంది అవ్వ.

నేను వింటేనా! ముట్టుకుంటే ఒళ్లు చల్లగా తగిలింది. చలికాలంలో మా ఇంట్లో వెచ్చగా ఉండే చోటు మగ్గం గుంత ఒక్కటే. నూలు పీచు పోగేసి, గుంత మూలన పరిచి, పిల్లను పడుకోబెట్టి, ఏమీ ఎరగనట్టు రాట్నం ముందు కూర్చున్నాను.

టీ తాగి వచ్చిన నాయన గుంతలోకి కాళ్లు దించి, నాలుగు పోగులు నేశాడో లేదో, ఎగిరిపడ్డాడు.

"ఏందే ఇది? మగ్గంలో కుక్కా? పూజ సేసే సోటే ఇది!"

బయటికి విసిరేస్తాడనే అనుకున్నాను. కిందికి వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

"ఓసినీ! నా కాలేలు చీకుతాందే ఇది," అన్నాడు. కాసేపటికి గొంతు దిగింది. "ఇంత ఆకలుంటే సావదులే. పక్కింటి జుబేదమ్మనడిగి మేకపాలు తీసకరాపో."

నూలు పోగులు వత్తిలా పేని, పాలలో ముంచి, నాయనే దాని నోటికి అందించాడు. అది నిద్రపోతున్నప్పుడు ఆ పక్క కర్ర మెల్లగా తొక్కేవాడు. నేత మందగించిందని అమ్మ గొణిగితే, పట్టించుకుంటేనా! పిల్ల కళ్లు ఆ గుంతలోనే తెరిచింది, నడక అక్కడే నేర్చింది. కండె అని పేరు పెట్టాం. పిల్లిని మించి పెరగలేదు గానీ, మొరిగితే సందు సందంతా లేచి కూర్చునేది. శానా ఏళ్లు బతికింది.

మొన్న చలికాలం, ఇప్పుడు తమ్ముడుంటున్న మా పాత ఇంటికి వెళ్లాను. నాయన లేడు. సందులో మగ్గం గుంతలన్నీ పూడ్చి టైల్సు పరిచేశారు. గేటు పక్కన ఏదో కుక్క ఈనింది, పిల్లల్లో బక్కది ఒకటి ఎడంగా పడి ఉంది. ఎత్తుకుంటే ఒళ్లంతా చల్లన.

"ఆడ మూలన పెట్టక్కా," అన్నాడు తమ్ముడు.

ఏ మూలన పెట్టను? దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరిగాను. ఎక్కడ అడుగు పెట్టినా కాలు జిల్లుమంది. నాయన కూర్చుని నేసిన చోట ఫ్రిజ్ ఉంది. ఏడుపు ఆపుకోలేకపోయాను. పిల్లను రవికెలోకి దోపుకుని, పైన పవిట కప్పుకుని, నేనుండే పులివెందులకు బస్సెక్కాను.