సియెనాలో పులిహోర డబ్బాకి కాపలా

మొన్న ఆదివారం డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో మా ఇంటికి వచ్చిన మనవరాలు, కాలేజీలో తీసుకున్న ఆర్ట్ క్లాసు పుస్తకం తెరిచి, "అమ్మమ్మా, చూడు, సియెనా! యూ గైజ్ వెళ్ళారు కదా?" అంటూ మా ఆవిడ ఒళ్ళో పెట్టింది. ఆవిడ పేజీ మీద అరచెయ్యి ఆనించి, "నువ్వు చెప్పమ్మా, నేను వింటాను" అంది. రెండేళ్ళుగా ఆవిడకి కళ్ళెదుట ఉన్నదంతా మసక. ఆ పిల్ల అది మరిచిపోయింది గాని, నేను సియెనాని మరిచిపోలేదు.

అది రెండువేల ఏడు డిసెంబరు. డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీలలో పనిచేసిన నా ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు, ఫ్యాక్టరీ మూసేసే క్రిస్మస్ షట్‌డౌన్ వచ్చిందంటే మాకు కాళ్ళు నిలిచేవి కావు. ఆ ఏడు మా మరదలు, తోడల్లుడితో కలిసి నలుగురం ఇటలీ వెళ్ళాం. అసెంబ్లీ లైనులో ఏ బోల్టు బిగించడానికి ఎన్ని సెకన్లో చూడటం నా ఉద్యోగం కనక, ప్రయాణానికి కూడా ఒక షీటు తయారుచేసి, చోటుకిన్ని నిమిషాలని వేసి, ప్లాస్టిక్ తొడుగులో పెట్టి మెళ్ళో వేలాడదీసుకుని తిరిగాను. పెద్ద పనిమంతుణ్ణి మరి! అందులో మా ఆవిడ అడిగి వేయించుకున్నది ఒక్కటే, సియెనా కూడలిలో టౌన్ హాలు గోడల మీది బొమ్మలు. మంచి పాలన ఉన్న ఊరు ఎలా ఉంటుందో, చెడ్డ పాలన ఉన్న ఊరు ఎలా ఉంటుందో చూపే ఆ బొమ్మలని వాల్తేరులో చరిత్ర ఎమ్మే చదివేటప్పుడు వాళ్ళ మేష్టారు నలుపు తెలుపు అచ్చులో చూపించి పాఠం చెప్పారట. నన్ను చేసుకుని ఈ దేశం వచ్చాక ఆ ఎమ్మే ఆవిడకి ఎందుకూ పనికిరాలేదు.

చేటలా వాలుగా ఉన్న ఆ ఇటుకల కూడలిలో, ఎముకలు కొరికే గాలిలో కూర్చుని, మరదలు హోటల్ గదిలో రైస్ కుక్కర్ పెట్టి కలిపిన పులిహోర తిన్నాం. టౌన్ హాలుని ఆనుకుని ఉన్న టవర్ మీదికి సంచులు తేకూడదన్నారు. "డబ్బా వదిలేసి పోతే సాయంత్రం ఏం తింటాం అన్నగారూ?" అన్నాడు తోడల్లుడు. ముందు హాలు చూసొద్దామండీ అని ఆవిడ అంటూనే ఉంది. షీటులో టవరే ముందుందనీ, ఎలాగూ నీకు మోకాళ్ళ నొప్పి కనక సంచులు చూస్తూ కూర్చోమనీ చెప్పి, మేం ముగ్గురం నాలుగు వందల మెట్లు ఎక్కాం. పైనుంచి ఫోటోలు తీసుకున్నాం. కింద ఆవిడకి చెయ్యి కూడా ఊపాను!

దిగి వచ్చేసరికి హాలు మూసేస్తున్నారు. నేను షీటులో రాసుకున్నవి వేసవి వేళలు. సెకన్లు కొలిచేవాడి తెలివి తెల్లారినట్టే ఉంది. చలికి కొయ్యబారిన వేళ్ళతో డబ్బా పట్టుకుని నిలబడ్డ మనిషితో, తప్పయిందని ఒక్క ముక్క అనకుండా, "గోడ మీది బొమ్మలేగా, ఇంటికెళ్ళి ఇంటర్నెట్‌లో చూసుకుందువుగాని, ఎక్కడికి పోతాయి?" అన్నాను. ఆవిడ కుచ్చిళ్ళు దులుపుకుని సంచీ నా చేతికిచ్చింది. ఇంటికొచ్చాక ఇంటర్నెట్‌లో చూడనూ లేదు, మళ్ళీ ఎక్కడికైనా తీసుకెళ్ళమని అడగనూ లేదు.

మొన్న మనవరాలికి ఫోనొచ్చి లేచి వెళితే, ఆ టౌన్ హాలు బొమ్మల పేజీ తెరిచున్న పుస్తకం నేను అందుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. వీధిలో ఆడవాళ్ళు చేతులు పట్టుకుని ఆడుతున్నారని మొదలుపెట్టానో లేదో, కప్పు మీద తాపీవాళ్ళు ఉండాలే, ఉన్నారా అంది. ఉన్నారు. కమాను కింద పాఠం చెప్పే పంతులుగారో అంది. ఆయనా ఉన్నాడు. అన్నీ ఆవిడే చెబుతుంటే నేను వేలితో వెతుక్కున్నాను. "మా పుస్తకంలో రంగులు లేవు. ఆ ఆడేవాళ్ళ బట్టలు ఏం రంగండీ?" అంది. ఎరుపన్నాను. ఎలాంటి ఎరుపంది. పుస్తకం కిటికీ వెలుతురులోకి తిప్పి మళ్ళీ చూశాను.

ఇప్పుడు నాకు షట్‌డౌన్లు లేవు, షీటు లేదు, రోజంతా ఖాళీయే. నేనన్నట్టే ఆ బొమ్మలు ఎక్కడికీ పోలేదు.