కౌంటరు కింది ఊళ్లు

ఆ ఉదయం ఒమన్‌లోని ఖురియాత్ టాక్సీ స్టాండు పక్కన చాయ్ దుకాణంలో కుర్చీలన్నీ బల్లలమీద బోర్లించి ఉన్నాయి. శుక్రవారం కదా అనుకుని టాక్సీ ఎక్కాను. తొంభైల మొదటి రోజుల మాట. మస్కట్‌లో రూవి పేటలోని పాత బార్ల చరిత్ర రాసుకుంటున్నాను, మూడు బయటినుంచే చూశాను. నాలుగోది ఒక చవక హోటల్ కింది అంతస్తులో ఉంది, దారి మధ్యలో ఆగే డ్రైవర్లు ఎక్కువగా వచ్చేది. దాని కౌంటరు అడుగున మనవాళ్లు తమ ఊళ్ల పేర్లు గీశారని, ఆ కౌంటరును మర్నాడు పీకేస్తున్నారని విన్నాను. ఆ రోజు రాసుకోకపోతే ఆ పేర్లు ఇక దొరకవు.

రూవికి నలుగురితో కలిసి వెళ్తే మనిషికి ఒక రియాల్, గంటన్నర ప్రయాణం. పదింటికి ఆ హోటల్ వంటింటి తలుపు తట్టాను. వంటమనిషి మల్లయ్యగారు తల బయట పెట్టారు. మెట్‌పల్లి దగ్గరాయన.

"బారు బంద్ బిడ్డా. రాత్రి నెలవంక కనవడ్డది. ఇగ రంజాన్ అయ్యేదాంక తెరవరు."

"మా క్యాలెండర్లో రేపని ఉందండీ."

"ఊరి క్యాలెండర్ వట్టుకొని మస్కట్‌ల నెల సూస్తవా?" అని నవ్వారు.

మామూలుగా అయితే వెనక్కి తిరిగేదాన్ని. "వచ్చే వారం ఇంటికి వెళ్లిపోతున్నానండీ, మళ్లీ రాను. పేర్లు రాసుకుని వెళ్తాను" అన్నాను, కదలకుండా.

"రా మరి. తెరిసుంటే నువ్వు గడప తొక్కేదానివా?"

తొక్కేదాన్ని కాదు.

మోకాళ్లమీద నిలబడటం కాన్వెంటులో అలవాటే. టార్చి వేసి కౌంటరు అడుగున చూశాను: ఆర్మూర్, సిరిసిల్ల, ధర్మపురి, ఒక్క రాజంపేట. తాళంచెవితో గీసిన అక్షరాలు.

"మొదాల తెల్లోళ్లే కూసునేటోళ్లు. సైట్లు లేసినంక డ్రైవర్లు, మనోళ్లు వచ్చిన్రు. పైన గీస్తే మేనేజర్ సూస్తడని కింద గీసిన్రు. పూరాగ ఇంటికి పోయెటోడే గీయాలె. సెలవుల పోయెటోడు గీస్తే తన్నేటోళ్లు!"

"మీ ఊరు లేదేం?"

"నేను పోతలేను గద బిడ్డా."

నలభై ఒక్క ఊళ్లు రాసుకున్నాను. లేచాక మల్లయ్యగారు వంటింటి తాళంచెవి నా ముందు పెట్టి, పప్పు చూసుకోవడానికి లోపలికి వెళ్లారు.

బారు చరిత్ర అంటే ఎవరు తెరిచారు, ఎప్పుడు మూశారు అనుకునేదాన్ని. ఎవరు లేచి వెళ్లిపోయారన్నదే అసలు చరిత్ర అని అక్కడ తెలిసింది. వెళ్లాలనుకునేవారికి ఒక్క మాట: రంజాన్ దగ్గర పడితే క్యాలెండర్ని నమ్మకండి, ముందురోజు సాయంత్రం అక్కడివాళ్లను అడగండి.

నా పుస్తకంలో ఇప్పుడు నలభై రెండు ఊళ్లున్నాయి, చివరిది మాది. తర్వాతి గురువారం నేను ఒమన్ వదిలి వచ్చేశాను.