ఫిక్స్ అన్న మాట

పెళ్లి ఫిక్సయింది, ముహూర్తం ఫిక్సయింది, ప్లాటు రేటు ఫిక్సయింది. మా కోరుట్లలో ఫిక్స్ అంటే ఇక మారదని అర్థం. ఇంటి అప్పు కాగితాల మీద సంతకాలు పెట్టేటప్పుడు బ్యాంకులో గుమాస్తా కూడా అదే మాట అన్నాడు. "వడ్డీ ఫిక్స్ సార్, మీకేం పరేషాన్ లేదు." మా ఆయన నా వైపు చూసి నవ్వాడు. మేమింకేమీ అడగలేదు. నేను ప్రైవేటు బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే టీచర్ని. ఆ ఫిక్స్ మూడేళ్ల వరకేనని రెండో పేజీలో శుభ్రమైన ఇంగ్లీషులో రాసి ఉంది. నేను చదవలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండిపోతుంది.

సంతకాలైన రెండు నెలలకు సెలవు అయిపోయి ఆయన మళ్లీ విమానం ఎక్కాడు, ఈసారి మస్కట్‌కు. అక్కడ సెంట్రింగ్ పని. స్లాబు పోసే ముందు కింద చెక్కలు, రేకులు బిగించాలి. ఆ ఎండలో ఆ బరువులు మోసి మోసి నడుము ఎప్పుడో పోయింది. ఈ అగ్రిమెంటు మూడేళ్లు, అది అయిపోగానే వచ్చేస్తా, ఇక్కడే నాలుగు ఇళ్ల పని పట్టుకుంటా అన్నాడు. మేం వేసుకున్న లెక్క తేలికే. నా జీతం, కిస్తీ ఇంచుమించు సమానం. నా జీతం బ్యాంకుకు పోతుంది, ఆయన సంపాదన తిండికి సరిపోతుంది. కిస్తీ ఎటూ మారదు కదా! ఆ ధైర్యంతోనే ఎండాకాలం సెలవులకు నాన్న వస్తాడని, మళ్లీ పోడని మా అమ్మాయికి మాటిచ్చాం.

మూడేళ్లు నిండిన నెలలో ఖాతాలోంచి ఎక్కువ డబ్బు పోయింది. ఏదో పొరపాటై ఉంటుందని బడి వదలగానే బ్యాంకుకు పరుగెత్తాను.

"ఫిక్స్ పీరియడ్ అయిపోయింది మేడం. ఇగ కిస్తీ గింతే. మెసేజ్ పంపినం గద" అన్నాడు అదే గుమాస్తా, తల కూడా ఎత్తకుండా.

ఆ మెసేజ్ ఆయన సెలవులో వాడిన నంబరుకు పోయిందట. ఆ సిమ్ముకు రీచార్జి లేక రెండేళ్లయింది, నా గాజుల డబ్బాలో పడి ఉంది.

"ఫిక్స్ అని చెప్పినరు గద సార్!"

"మూడేండ్లకు ఫిక్స్ అని చెప్పినం మేడం."

ఆ 'మూడేండ్లకు' అన్న ముక్క ఆ రోజు ఎవరి గొంతులో ఇరుక్కుందో దేవుడికే తెలియాలి. ఇంటికొచ్చి చెప్తే, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న మా అత్త చెయ్యి ఆగిపోయింది. "గదేందే! లగ్గం ఫిక్సయినంక మూడేండ్లకు మొగన్ని మారుస్తరా? గిదెక్కడి ఫిక్సే?" అంది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

ఇల్లు అమ్మేద్దామా అని కూడా అనుకున్నాను. కానీ ఆ మనిషి నడుము విరగ్గొట్టుకుని కట్టిన ఇల్లది. అమ్మితే ఆ నడుము దేనికి పోయినట్టు? తక్కువ వడ్డీ ఇచ్చే బ్యాంకుకు అప్పు మార్చుకోవచ్చని మా బడిలో ఒక సారు చెప్పాడు. ఆయన అగ్రిమెంటు అయిపోవడానికి ఇంకా రెండు నెలలుంది. ఈలోపు పాత కిస్తీకి దగ్గరగా ఏదైనా దొరికితే చాలు, మనిషి ఇంటికొస్తాడు. ఆ ఆశ పట్టుకుని చెప్పులరిగేలా తిరిగాను.

మొదట జగిత్యాల పోయాను. అక్కడ ఒక బ్యాంకు ఏజెంటు ఫారం నింపుతూ, "బావ ఏడుంటడక్కా?" అని అడిగాడు.

"దుబాయిల" అన్నాను.

మా వైపు సముద్రం దాటిన వాళ్లందరూ దుబాయిలోనే ఉంటారు. సౌదీ పోయినా దుబాయే, ఖతర్ పోయినా దుబాయే. మస్కట్ పోయిన మా ఆయన కూడా నా నోట్లో మూడేళ్లుగా దుబాయిలోనే ఉన్నాడు. ఏజెంటు అట్లాగే రాశాడు, నేను సంతకం పెట్టాను. అవును, మళ్లీ చదవకుండానే! ఇరవై రోజుల తర్వాత ఫైలు తిరిగొచ్చింది. ఫారంలో ఒక దేశం, వీసాలో ఇంకో దేశం. తప్పుడు సమాచారం ఇచ్చారని రాసి కొట్టేశారు. కొత్త ఫారం ఇస్తానని కాళ్లావేళ్లా పడ్డాను. ఒకసారి కొట్టేసిన ఫైలు మళ్లీ తీసుకోరట. ఇంగ్లీషు టీచరమ్మ తప్పుడు సమాచారం ఇచ్చిందట! సిగ్గుతో చచ్చిపోయాను.

ఇక మిగిలింది సిరిసిల్ల. అది నా పుట్టిల్లు. కరెంటు సాంచెల మీద బట్ట నేసే మా తమ్ముడు అక్కడ ఒక బ్యాంకు సంగతి కనుక్కుని ఫోన్ చేశాడు. కథలాపూర్ మీదుగా వేములవాడ దాకా నిలబడే పోయాను. బస్సు నిండా రాజన్న మొక్కులకు పోయే జనం, నా చేతిలో ఫైలు. అక్కడ బస్సు మారి సిరిసిల్లలో దిగేసరికి పన్నెండయింది.

సిరిసిల్ల ఆఫీసరు మర్యాదస్తుడు. కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించాడు. ఆయన చెప్పిన వడ్డీకి కిస్తీ మళ్లీ నా జీతమంతకు దిగుతుంది. ఈసారి ప్రతి పేజీ చదివాను. చదివి, "ఈ కిస్తీ నా జీతంల నుంచి నేను కడత సార్" అన్నాను.

"జీతం బ్యాంకుల పడుతదా మేడం?"

"కవర్ల పెట్టి చేతికిస్తరు."

"కవర్ల జీతం మాకు లెక్కకు రాదు మేడం. లోన్ సార్ జీతం మీదనే పాసైతది. సార్ వీసా ఇంకో రెండేండ్లు ఉండాలె. పెంచుకున్న కాయితం పంపుమనుండ్రి, పదిరోజుల్ల పని అయిపోతది."

"ఆయన వచ్చే నెల వచ్చేస్తున్నడు సార్. ఆయన ఇంటికి రావాలనే నేను గీ లోన్ కోసం తిరుగుతున్న."

ఆఫీసరు ఫైలు నా వైపు జరిపాడు. "రెండేండ్లే గద మేడం, ఇట్టె పోతయి" అన్నాడు. మనసులో కోపం కట్టలు తెంచుకుంది. నువ్వు సాయంత్రం అయిదు కొట్టగానే పెళ్లాం దగ్గరికి పోతావు నాయనా, నీకు ఇట్టే పోతాయి. పైకి మాత్రం థ్యాంక్స్ చెప్పి బయటికొచ్చాను.

బస్టాండులో బెంచీ మీద కూర్చుని వీడియో కాల్ చేశాను. ఆ రోజు శుక్రవారం, ఆయనకు సెలవు. ఆయన వెనక మంచం మీద అట్టపెట్టె కనిపించింది. నైలాన్ తాడు నాలుగు చుట్లు చుట్టి, పైన తన పేరు, కింద కోరుట్ల అని నల్ల అక్షరాలతో రాసుకున్నాడు. "ఇంకా ఇరవై రెండు రోజులుండంగనే కట్టేసిన. రూంల అందరు నవ్వుతున్నరు" అన్నాడు.

ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, ఉన్నదున్నట్టు ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

"కంపెనీల ఉండనని చెప్పిన గదనే."

"పోయి ఫోర్‌మెన్‌ను బతిమిలాడు. ఉంటనని చెప్పు."

"నడుము?"

పక్క ప్లాట్‌ఫారం మీద కరీంనగర్ బస్సు హారన్ కొడుతోంది.

"అంటే ఏందే, నన్ను రావద్దంటున్నవా?"

పెళ్లయిన నాటి నుంచి ఆయన్ను ఎప్పుడొస్తావని సతాయించడమే నాకు తెలుసు. అలిగాను, తిట్టాను, అమ్మాయిని ఏడిపించి మరీ అడిగించాను. రావద్దని ఒక్కనాడూ అనలేదు.

"రాకు" అన్నాను.

ఆయన ఫోన్‌ను దిండుకు ఆనించి పెట్టి, పెట్టె దగ్గరికి జరిగి, ముడి విప్పడం మొదలుపెట్టాడు. గట్టిగా బిగించుకున్నాడేమో, చేతులతో రాలేదు. పళ్లతో లాగాడు.