చేతి తూకం

పాంగి బొంజుబాబు దేన్నైనా చేత్తో ఎత్తి చూస్తే గాని నమ్మడు. గుమ్మడికాయైనా, కోడిపెట్టైనా రెండు అరచేతుల్లోకి తీసుకుని, కళ్ళు మూసుకుని, తలాడించో పెదవి విరిచో తీర్పు చెబుతాడు. కాఫీ పళ్ళు తొట్టెలో పోసినప్పుడు పైకి తేలినవాటిని తాలు అంటూ రెండోసారి చూడకుండా బయటికి తోసేస్తాడు. ఏడాదిగా అతని భార్య సొన్నాయి ఆక్సిజన్ మిషన్ మీద బతుకుతోంది. వాన పడితే కొండమీద కరెంటు ఉండదు. అందుకే సోలార్ బ్యాటరీ కోసం గూడెం కొత్తవీధి దుకాణానికి దిగాడు.

దుకాణం నడిపే హేమలత పెద్ద యాసిడ్ బ్యాటరీ పక్కనున్న చిన్న లిథియం బ్యాటరీ చూపించింది. "ఇది తేలిక బాబాయ్. నీళ్ళు పొయ్యక్కర్లేదు. ఆ పెద్దదాని కన్నా ఎక్కువ ఏళ్ళు వస్తాది." బొంజుబాబు దాన్ని ఎత్తాడు, పెదవి విరిచాడు. "తేలిందంటే తాలే గుంటా. ఆ పెద్దదే ఇయ్యి." ఆమె ఎంత చెప్పినా వినలేదు. రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి ఆ పెద్ద బ్యాటరీని వీపున కట్టుకుని, నాలుగు చోట్ల కూలబడుతూ కొండెక్కాడు. ఇంట్లో దాన్ని గోడవార దించాక, మిషన్ వైరు అందాలంటే సొన్నాయిని ఆ పక్క మంచం మీదికి మార్చాల్సి వచ్చింది. ఆమె కింద రెండు చేతులూ పెట్టి ఎత్తాడు. అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నాడు. దించినా వీపున ఇంకా మంట పెడుతున్న బ్యాటరీ కంటే ఆమె తేలిగ్గా ఉంది. దించకుండా అలాగే నిలబడిపోయాడు.

"బరువున్నానేటి?" అంది సొన్నాయి ఆయాసపడుతూ.

బొంజుబాబు పెదవి బిగబట్టుకుని తలాడించాడు. "బరువే," అన్నాడు.