శనివారం ఎవరు దిగాలి

ఆ అక్టోబరులో మా టీమ్ క్వార్టర్‌బ్యాక్‌కి భుజం జారింది. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి అందుకుని, ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకోవలసిన ఆటగాడు. ఆలోపే అవతలి జట్టువాళ్ళు నలుగురైదుగురు మీద పడి నేలకు అదిమేయడానికి వస్తుంటారు. ఆ సీజన్‌కి అతను ఇక ఆడలేడని డాక్టరు సోమవారం చెప్పేశాడు. బెంచి మీద ఇద్దరున్నారు. శనివారం మ్యాచికి వాళ్ళలో ఎవర్ని దింపాలన్నదే ఆ వారమంతా చర్చ.

నేను ఆ యూనివర్సిటీ టీమ్‌కి ఫిజియో అసిస్టెంట్‌ని. కాకినాడలో ఫిజియోథెరపీ చదివి కెనడాలోని హాలిఫాక్స్ వచ్చాను. ఇక్కడి లైసెన్సు పరీక్షలో ఒక భాగం ఇంకా మిగిలి ఉండటంతో హెడ్ థెరపిస్ట్ కింద చేరాను. టేపులు చుట్టడం, ఐసు పెట్టడం, ఎవరికి ఎక్కడ నొప్పో రాసిపెట్టడం నా పని. వచ్చిన కొత్తలో ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆటే అనుకున్నాను. వీళ్ళు చేతులతో విసురుతూ, ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటూ ఆడుతుంటే మొదటి నెల కళ్ళు మూసుకునేదాన్ని.

బెంచి మీదున్న ఇద్దరిలో ఒకడు నాలుగో ఏడాది కుర్రాడు. పొడుగ్గా ఉంటాడు, మాట నెమ్మది. మూడేళ్ళుగా క్లిప్‌బోర్డు పట్టుకుని గీత పక్కన నిలబడటమే అతని పని. రెండోవాడు రెండో ఏడాది వాడు, ఉంగరాల జుట్టు. పరిగెత్తితే చేతికి చిక్కడు. పోయిన మ్యాచి ఆఖరి పావుగంటలో వాణ్ణి దింపితే ఆట మొత్తం తిప్పేశాడు. ఒకసారి తల దించుకుని ఇద్దరి మధ్యలోకి దూరి దబ్బున పడ్డాడు. వెంటనే లేచి నవ్వాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మంగళవారం వాడు మణికట్టుకి టేపు వేయించుకోడానికి నా దగ్గరికి వచ్చాడు. ఎడమ చెయ్యి ఇవ్వమంటే కుడి చెయ్యి చాపాడు. ఇద్దరం నవ్వుకున్నాం. వేయడం అయిపోయాక ఫోన్ చూసుకుని, మళ్ళీ నా వైపు తిరిగి, "టేపు వేస్తావా?" అన్నాడు.

లైట్ల వైపు చూడమన్నాను. చూడలేక కళ్ళు చికిలించాడు.

"తలనొప్పిగా ఉందా?"

"పరీక్షలు. నిద్ర లేదు." తరవాత లేచి వెళ్ళి తలుపు మూసొచ్చాడు. "ప్లీజ్, ఎక్కడా రాయకు. ఈ ఒక్క మ్యాచ్. మా అమ్మ అంత దూరం న్యూఫౌండ్‌లాండ్ నుంచి వస్తోంది. నేను మొదటి నుంచి ఆడటం ఆవిడ ఎప్పుడూ చూడలేదు."

"రేపు చూద్దాం," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. కంకషన్ అయి ఉంటుందని, అంటే దెబ్బకి మెదడు అదిరి ఉంటుందని, అది తగ్గకముందే మరో దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పని చదువుకున్నదాన్ని. అయినా ఏమీ రాయలేదు.

రాయకపోవడానికి కారణం ఉంది. ఆగస్టు శిక్షణలో ఇలాగే ఒకణ్ణి అనుమానించి ఆట ఆపించాను. డాక్టరు చూసి, ఎండదెబ్బ, నీళ్ళు తాగితే చాలన్నాడు. అప్పుడు హెడ్ కోచ్ అందరి ముందూ, "తల తిరిగిన ప్రతివాడికీ మెదడు దెబ్బ తినదమ్మా," అన్నాడు. తిట్టలేదు, నవ్వుతూనే అన్నాడు. ఆ తరవాత చాలా రోజులు కుర్రాళ్ళు నా ముందు తూలుతున్నట్టు నటించి ఏడిపించారు. మళ్ళీ తప్పయితే నా మాటకి విలువ ఉండదు. కాంట్రాక్టు కూడా ఏడాదికోసారి రాసేదే.

బుధవారం భోజనాల దగ్గర మావారు అదే చర్చ మొదలుపెట్టారు. ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి. ఈ ఆట పిచ్చి నాకంటే ఆయనకే ఎక్కువ పట్టింది.

"ఆ ఉంగరాల జుట్టు వాణ్ణి దింపకపోతే మీ కోచ్‌కి మతి లేనట్టే."

"పొడుగతను కూడా బాగానే విసురుతాడండీ."

"విసురుతాడు. కానీ కాలు కదలదు." అప్పడం విరిచి ముక్కలు కంచంలో వరసగా పేర్చారు. "ఇది మీ లైను, విసిరేవాడి ముందు నిలబడే గోడ. ఇంత పల్చగా ఉంది. అవతలివాళ్ళు ఇలా వస్తారు. మీ పొడుగతను ఇక్కడే నిలబడి ఉంటాడు. అయిపోయింది. తప్పించుకునేవాడు కావాలి."

"వాడికి ఒంట్లో బాగాలేకపోతే?"

ఆయన తలెత్తి చూశారు. "ఏమైంది?"

"ఏం లేదు. ఊరికే అడిగా."

"చూడు, నీకేమైనా తెలిస్తే మీ పెద్దావిడకి చెప్పు. నీ అంతట నువ్వు తీర్పులివ్వకు. ఆగస్టులో ఏమైందో గుర్తుందిగా."

ఆ పెద్దావిడ, అంటే హెడ్ థెరపిస్ట్, బంధువులెవరో పోతే ఊరెళ్ళారు. శుక్రవారం గానీ రారు. ఫోన్ చేయొచ్చు. ఆవిడ నంబరు మూడుసార్లు తీశాను, నొక్కలేదు. నొక్కితే మొదటి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు: ఎప్పుడు గమనించావు?

గురువారం పొద్దున మేముండే డార్ట్‌మత్ నుంచి రేవు దాటించే ఫెర్రీ ఎక్కాను. పొగమంచులో రేవు కనిపించడం లేదు. నా ముందు సీట్లో మా టీమ్ టోపీలు పెట్టుకున్న ముసలాయనలిద్దరు వాదించుకుంటున్నారు. కుర్రాణ్ణి దింపాలని ఒకాయన, అనుభవం ఉన్నవాణ్ణే దింపాలని ఇంకొకాయన. చివరికి ఇద్దరూ కుర్రాడి దగ్గరే ఆగారు. ఊళ్ళో ఒక్కరైనా పొడుగతన్నే దింపాలని గట్టిగా పట్టుబడితే బాగుండును, నేను నోరు తెరవకుండా బయటపడతాను అనుకున్నాను.

పట్టుబట్టిన మనిషి ఆ రోజు కోచ్‌ల మీటింగులో ఒక్కడే ఉన్నాడు, లైను కోచ్. పెద్దాయన. "ఆ పొడుగు పిల్లాడు మూడేళ్ళలో ఒక్క ప్రాక్టీసు మానలేదు. వాడి వంతు వాడికి ఇవ్వాలి," అన్నాడు.

"హాజరుకి బహుమతులివ్వడం మన పని కాదు కదా," అన్నాడు ఇంకో కోచ్. "పోయిన శనివారం చూశారుగా."

"పావుగంట చూశాం. ఆ పావుగంటా అవతలివాళ్ళు అలిసిపోయి ఉన్నారు."

"నీ లైను నిలబడుతుందని మాటివ్వు, పొడుగువాణ్ణే దింపుదాం," అన్నాడు హెడ్ కోచ్.

పెద్దాయన మాటివ్వలేకపోయాడు. హెడ్ కోచ్ బోర్డు మీద ఉంగరాల జుట్టు వాడి నంబరు రాసి, నా వైపు తిరిగాడు. "మెడికల్?"

చీలమండలు, తొడకండరాలు, భుజం అన్నీ చదివాను.

"ఇంకేమైనా?"

"లేదు," అన్నాను.

బయటికొచ్చేసరికి వాడు మెట్లు దిగుతున్నాడు. ఇరవై ఏళ్ళవాడు, రెండేసి మెట్లు దూకేవాడు, గోడకి అరచెయ్యి ఆనించుకుని ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగుతున్నాడు. నన్ను చూసి గోడ మీద నుంచి చెయ్యి తీసేసి నవ్వాడు. నేను బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను. వాళ్ళమ్మ గ్యాలరీలో కూర్చుని ఉండగా వీడు మైదానంలో పడి లేవకపోతే? నాకు కాంట్రాక్టు, లైసెన్సు, నవ్వులు అన్నీ గుర్తొచ్చాయి. అన్నిటికంటే ఇదే ఎక్కువ భయపెట్టింది.

వెనక్కి వెళ్ళాను. హెడ్ కోచ్ ఒక్కడే ఉన్నాడు.

"ఇందాక అబద్ధం చెప్పాను," అన్నాను. చూసిందంతా చెప్పాను.

"ఇదీ ఆగస్టు లాంటిదేనా?"

"కావచ్చు. నాకు తెలియదు. కానీ డాక్టరు చూడకుండా వాడు దిగకూడదు."

"మంగళవారం చూశావా?" గొంతు పెరగలేదు. "ఇవాళ గురువారం. రెండు రోజులు వాడి చేత ప్రాక్టీసు చేయించాం."

ఆయన ఫోన్ తీశాడు.

మధ్యాహ్నానికి డాక్టరు తేల్చాడు. కంకషనే. ఈ సీజన్‌లో ఆడకూడదన్నాడు. వాడు నా ముందు నుంచి వెళ్తూ, "నిన్ను నమ్మాను," అన్నాడు, అంతే.

భయం అక్కడితో తీరుతుందనుకున్నాను. శనివారం అది ఇంకో మనిషి మీదికి మళ్ళింది. పొడుగతను మైదానంలోకి నడిచాడు. నా మాట వల్లే కదా అతను అక్కడున్నాడు. మావారు అప్పడం ముక్కలతో చూపించినట్టే జరిగింది. లైను నిలబడలేదు. అతను విసరడం, ఇద్దరు వచ్చి మీద పడటం, లేవడం, మళ్ళీ పడటం. పడిన ప్రతిసారీ అతను లేచేదాకా నేను ఊపిరి పీల్చలేదు. ఆట మూడో పావులో ఒకసారి లేవలేదు. హెడ్ థెరపిస్టూ నేనూ పరిగెత్తాం.

"తల?" అన్నాను ముందే.

"కాదు," అన్నాడు నేల మీద నుంచే. "గాలి అందట్లేదు. ఒక్క నిమిషం."

లేచి ఆడాడు. ఓడిపోయాం, కానీ దగ్గరదాకా వచ్చి ఓడిపోయాం. తరవాత పక్కటెముకలకి ఐసు పెడుతుంటే, "గురువారం నేనే దిగాలని చెప్పగానే వాంతి చేసుకున్నాను," అన్నాడు. "మూడేళ్ళు అదే కావాలనుకున్నా. నిజంగా వచ్చేసరికి ఇంటికి పారిపోవాలనిపించింది." తలనొప్పి ఉందా అని ఇంకోసారి అడిగాను. "నాలుగోసారి అడగడం ఇది," అని నవ్వబోయి, నొప్పికి ఆగిపోయాడు.

పార్కింగులో ఒకావిడ నా దగ్గరికొచ్చారు. చూడగానే ఆ ఉంగరాల జుట్టు ఎవరిదో తెలిసిపోయింది. తిడతారని నిలబడ్డాను.

"నాతోనూ బాగానే ఉన్నానన్నాడు. రోజూ ఫోన్‌లో మాట్లాడుకున్నాం, నేను కనిపెట్టలేకపోయాను," అన్నారావిడ. తరవాత చాలా మెల్లగా, "మళ్ళీ ఆడతాడా?" అని అడిగారు.

ఆడతాడంటే భయపడతారో, ఆడలేడంటే భయపడతారో ఆవిడ ముఖంలో నాకు తెలియలేదు. "ఇప్పుడే చెప్పలేమండీ," అన్నాను.

హెడ్ థెరపిస్ట్ నాకు హెచ్చరిక రాసిచ్చారు. న్యాయమే. వాడికి తలనొప్పులు క్రిస్మస్ దాకా తగ్గలేదు. రెండు కోర్సులు వదిలేశాడు. వేసవి తరవాత డాక్టరు ఒప్పుకున్నాడు, వాడు తిరిగొచ్చాడు. ఇప్పుడు నాతో అవసరానికి మాట్లాడతాడు, మర్యాదగానే. పొడుగతను చదువు ముగించి వెళ్ళిపోయాక, వేరే ఊరి నుంచి వచ్చిన కుర్రాడు మొదటి స్థానంలో ఉన్నాడు, వీడు బెంచి మీద. ఆ కుర్రాడు ఎప్పుడైనా లేవడం ఆలస్యమైతే, వీడు హెల్మెట్ చేతిలోకి తీసుకుని లేచి నిలబడి కోచ్ వైపు చూస్తాడు. గ్యాలరీలో కొందరు వీడి నంబరు పిలుస్తారు. నేను మాత్రం కింద పడ్డ కుర్రాడు తొందరగా లేవాలని కోరుకుంటూ ఉంటాను.